గురజాడ లేఖలు, డైరీలు

మహాకవి గురజాడ వేంకట అప్పారావు (1862–1915) పేరు వినగానే ‘కన్యాశుల్కం’ నాటకం స్ఫురిస్తుంది. ఆయన నిత్యజీవితాన్ని సన్నిహితంగా తెలిపేవి మాత్రం లేఖలు, డైరీలు. విజయనగర సంస్థానంలో కొలువు, ఇంటి వ్యవహారాలు, అనారోగ్యం, గ్రంథపఠనం వాటిలో కలగలిసి కనిపిస్తాయి.

వ్యావహారిక భాషకోసం పోరాడిన ఈ రచయిత తన డైరీలను, అనేక లేఖలను ఎక్కువగా ఆంగ్లంలోనే రాయడం గమనార్హం. దీనికి ఆనాటి విద్యావిధానమే ముఖ్యకారణం. ఉన్నతవిద్య ఆంగ్లంలో సాగేది. తెలుగులో రాయవలసివస్తే గ్రాంథికమే పండితసమ్మతం. ఇంటిల్లిపాదీ మాట్లాడుకొనే మాటకు కాగితంపై గౌరవం లేదు.

తొలుత ఆంగ్లంలో కావ్యం రాసిన గురజాడకు, మాతృభాషలో రాయమని కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ హితవు చెప్పారు. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో ఇళ్లలోని పలుకుబడే నాటకభాష అయింది. 1914లో, ఆరోగ్యం క్షీణిస్తున్నా, మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించి, విద్యార్థులపై గ్రాంథికాన్ని రుద్దరాదని వాదించారు. మరుసటి ఏడు చలికాలపు ఆరంభంలో, నవంబరు 30న, విజయనగరంలో కన్నుమూశారు.

నేడు ఇంటికి రాసే జాబును, పరీక్షలో రాసే సమాధానాన్ని మనకు తెలిసిన వాడుకభాషలోనే రాయగలుగుతున్నాం. ఈ సౌలభ్యం వెనుక గురజాడ కృషి ఎంతో ఉంది.