నడిసముద్రపు సొర

సముద్రవర్ణన పాఠం చెప్పేటప్పుడు నాకు మకరాలూ తిమింగిలాలూ తరచుగా తగులుతుంటాయి. కవులు వాటి భీకరత్వం వర్ణించారే గాని, అవి ఎలా బతుకుతాయో చెప్పలేదు. ఆ కుతూహలంతో నేను చదివిన వాటిలో ఒక సొరచేప సంగతి పాఠకులకు చెప్పాలనిపించింది.

దాని పేరు ఓషియానిక్ వైట్‌టిప్. పొడుగాటి రెక్కల కొసలు సున్నం అద్దినట్టు తెల్లగా వుంటాయి. మూడు మీటర్లు దాటి పెరిగేవీ వున్నాయి. తీరానికి దూరంగా, వెచ్చని సముద్రాలలో, నీటి పైపొరలోనే తిరుగుతుంది. చారల చారల చిన్న చేపలు జమీందారు వెంట బంట్రోతుల్లా దాని వెంట నడుస్తాయి.

నడిసముద్రం మనం అనుకున్నంత కలిగిన ఇల్లు కాదు. మైళ్ళ తరబడి తిండి దొరకదు. అందుచేత ఈ సొరకు దొరికిందే మహాప్రసాదం! ఏ అలికిడి అయినా జంకు లేకుండా దగ్గరకు వచ్చి చూస్తుంది. 1945 జూలై 30న ఇండియానాపొలిస్ అనే అమెరికా యుద్ధనౌక మునిగి, నావికులు నాలుగు రోజులు నీళ్ళలో తేలారు. వారి మీద పడిన సొరలలో ఇవీ వుండి వుంటాయంటారు.

అయితే ఆ జంకులేనితనమే దాని కొంప ముంచింది. ట్యూనా చేపల కోసం ఓడలు మైళ్ళ పొడుగు తాళ్ళకు వందలు, వేల గాలాలు కట్టి వదులుతాయి. ఎర కనబడితే ఈ సొర ఆగదు. పైగా దాని రెక్కలతో కాచే సూపుకు చైనా విందులలో గొప్ప గిరాకీ. రెక్కలు కోసుకుని మొండేన్ని నీళ్ళలోకి తోసేసిన ఓడలు ఎన్నో! ఆడసొర చూలు సుమారు ఏడాది మోస్తుంది. ఈతకు మహా అయితే పదిహేను పిల్లలు. పోయినచోటు పూడేదెప్పుడు? అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2019లో దీనిని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా వున్న జీవుల పట్టికలో చేర్చింది.

దీనికి విరుగుడు లేకపోలేదు. అట్లాంటిక్ ట్యూనా వేటను నియంత్రించే అంతర్జాతీయ సంఘం, ఈ సొరను ఓడలో వుంచుకోరాదని 2010లో తీర్మానించింది. ప్రాణంతో వుండగానే, గాలం దగ్గరగా తాడు కోసి వదిలితే బతికే అవకాశం ఎక్కువ.

బహామా దీవులవారు 1993లోనే పొడుగుతాళ్ళ వేటను మాన్పించారు. 2011లో సొరల వేటనే నిషేధించారు. ఆ ఏడే అక్కడి క్యాట్ ద్వీపం దగ్గర శాస్త్రజ్ఞులు కొన్ని సొరలకు జాడ తెలిపే పరికరాలు కట్టారు. వాటిలో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ ఆ దీవుల నీళ్ళకే చేరుకున్నాయి.

చూడండి! వేట లేని చోటు ఒకటి వుంచితే, తిరిగి వచ్చే దారి దానికి తెలుసు. ఆ చోటును మిగల్చడమే మనిషి వంతు.