గిటారు మెట్ల గాడులకు తగిన కటర్ ఎంపిక

వీణ మెట్లను మైనంపై అమరుస్తారు. శ్రుతి కుదరనిచో మైనం కరిగించి మరల సర్దుకోవచ్చును. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. దాని మెట్టును చెక్కలో కోసిన సన్నని గాడిలోనికి దిగగొడతారు. గాడి వెడల్పయితే సరిదిద్దుట కష్టం. హోసూరు, బెంగళూరు పరిసరాల కర్మాగారాలలో సి.ఎన్.సి. యంత్రాలు నడిపే మన యువకులు ఎందరో ఉన్నారు. లోహపు పనిలో ఆరితేరిన వారికి సైతం ఈ కోత కొత్త పరీక్షే.

ముందుగా మెట్టును కొలవాలి. గాడిలోనికి దిగే దాని నిలువు భాగం మందం సాధారణంగా 0.5 మి.మీ. వరకు ఉంటుంది. దాని పక్కనున్న చిన్న బొడిపెలు చెక్కను పట్టుకుంటాయి. కనుక గాడి 0.55 నుండి 0.6 మి.మీ. ఉండటం పరిపాటి. మెట్ల తయారీని బట్టి ఈ కొలత మారుతుంది. మైక్రోమీటరుతో చూసిన తరువాతనే కటర్ కొనాలి. గాడి వదులైతే మెట్టు పైకి లేస్తుంది. మరీ బిగువైతే ఇరవైకి పైబడిన మెట్లు చీలలవలె చెక్కను ఒత్తి, గిటారు మెడను వెనుకకు వంచుతాయి.

ఇక పొడవు సంగతి. ఒకే మందం గల కటర్లలో పొడవు రెట్టింపైతే వంగే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఒకే పొడవు గలవాటిలో మందం సగమైతే పదహారు రెట్లవుతుంది. కాబట్టి 2.4 మి.మీ. లోతు గాడికి 3 మి.మీ. కోత పొడవు గల కటర్ చాలును, 6 మి.మీ.ది కొనరాదు. రెండు కోత అంచుల కార్బైడ్ కటర్ మేలు. కార్బైడ్ ఉక్కుకంటె సుమారు మూడు రెట్లు బిర్రైనది, కాని పెళుసు. అందువలన దానిని నిలువుగా గుచ్చక, ఏటవాలుగా చెక్కలోనికి దింపాలి.

వేగం లెక్క ఇట్లుండును. నిమిషానికి 20,000 చుట్లు, రెండు అంచులు, అంచుకు 0.005 మి.మీ. కోత అనుకుంటే నిమిషానికి 200 మి.మీ. నడక వస్తుంది. ఒక్కో విడతకు 0.2 మి.మీ. లోతు చొప్పున పన్నెండు విడతలలో గాడి పూర్తవుతుంది. పొట్టును గాలితో ఊదుతూ ఉండాలి. గాడిలో నిలిచిన పొట్టు కటర్‌ను వేడెక్కించి విరిచివేస్తుంది.

కటర్ వంకరగా తిరిగితే గాడి కొలత పెరుగుతుంది. 3 మి.మీ. కటర్‌కు లెక్కలేని 0.02 మి.మీ. ఊగిసలాట, 0.6 మి.మీ. కటర్‌కు ప్రాణాంతకం. కాలెట్‌ను శుభ్రపరచి, డయల్ గేజితో సరిచూడాలి.

గిటారు పలకలకు విరివిగా వాడే రోజ్‌వుడ్‌లలో మన దక్షిణాది అడవుల జిట్రేగి ఒకటి. ఆ చెట్టు కలపకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. కావున అదే జాతి కర్ర తునకపై ఒక గాడి కోసి, మెట్టు బిగించి చూసిన పిమ్మటనే అసలు పలకను యంత్రంపై ఉంచడం విజ్ఞత.