ఆంధ్ర తీరపు దీపస్తంభాలు: వెలుగు ఎవరికి, ఖర్చు ఎవరిది?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• దీపస్తంభం ఎక్కడ నిర్మించాలో నిర్ణయించే కారణాలను వివరించగలుగుతారు.
• దీపం ఎత్తుకు, అది కనిపించే దూరానికి గల సంబంధాన్ని లెక్కించగలుగుతారు.
• దీపస్తంభాన్ని సార్వజనిక వస్తువుగా ఎందుకు పరిగణిస్తారో చెప్పగలుగుతారు.

1. పరిచయం

దీపస్తంభం అనగానే చాలామందికి ఓడరేవు గుర్తుకు వస్తుంది. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండమీది లైట్‌హౌస్‌ను చూసినవారు అలా అనుకోవడం సహజమే. కాని విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరాన్ని గమనించండి. అది మత్స్యకారుల ఊరు, పెద్ద రేవు కాదు. అయినా విశాఖలో ఆధునిక నౌకాశ్రయం రావడానికి ఎన్నో దశాబ్దాల ముందే, 1847లో, అక్కడ ఒక చిన్న కొండమీద దీపస్తంభాన్ని ఏర్పాటు చేశారు. పాత రికార్డులలో ఇది శాంతపిల్లి దీపస్తంభంగా కనిపిస్తుంది. రేవు లేనిచోట దీపం ఎందుకు పెట్టారు? దాని ఖర్చు ఎవరు భరించాలి? ఈ పాఠ్యభాగంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. చోటును నిర్ణయించేది ప్రమాదం

19వ శతాబ్దంలో ఉత్తరాంధ్ర తీరంలో భీమునిపట్నం ముఖ్యమైన వర్తక రేవు. అయితే అక్కడ ఓడలు ఒడ్డుకు చేరే వీలు లేదు. అవి సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును మసూలా పడవలలో అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. తీరం వెంబడి ఈ రేవుకు వచ్చే ఓడలకు శాంతపిల్లి ఎదుట సముద్రంలో ఉన్న రాళ్ళు పెద్ద గండం. రాత్రివేళ ఆ రాళ్ళు కనబడవు. వాటికి తగిలిన ఓడ మునిగితే సరుకుతోపాటు మనుషులూ పోతారు.

నడిసముద్రంలోని రాతిమీద దీపం నిర్మించడం సాధ్యమే. ఇంగ్లండులోని ఎడిస్టోన్ రాతిమీద జాన్ స్మీటన్ 1759లో అటువంటి స్తంభాన్ని పూర్తిచేశాడు. కాని అది చాలా కష్టమైన పని. శాంతపిల్లిలో దీపాన్ని ఒడ్డునున్న కొండమీద పెట్టారు. దీపం ఏ దిశలో కనిపిస్తున్నదో చూసి, తన ఓడ ఎక్కడున్నదో, రాళ్ళకు ఎంత ఎడంగా పోవాలో నావికుడు అంచనా వేసుకొంటాడు. అంటే దీపస్తంభం ‘ఇటు రండి’ అని మాత్రమే కాదు, ‘ఇటు రావద్దు’ అని కూడా చెబుతుంది.

3. ఎత్తు, దూరం

భూమి గుండ్రంగా ఉండటం వల్ల కొంత దూరం దాటితే ఎంత ప్రకాశవంతమైన దీపమైనా క్షితిజం కిందికి పోతుంది. దీపం కనిపించే దూరాన్ని సుమారుగా ఇలా లెక్కిస్తారు:

దూరం (కి.మీ.) = 3.86 × √ఎత్తు (మీటర్లలో)

ఇక్కడ ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి దీపం ఎత్తు.

ఉదాహరణ: దీపం 25 మీటర్ల ఎత్తున ఉంటే 3.86 × 5 = 19.3 కి.మీ.; 100 మీటర్ల ఎత్తున ఉంటే 3.86 × 10 = 38.6 కి.మీ. ఎత్తు నాలుగు రెట్లయితే దూరం రెండు రెట్లే పెరిగింది. నావికుడి కన్ను నీటిమట్టానికి 9 మీటర్ల ఎత్తున ఉంటే మరో 11.6 కి.మీ. కలుస్తుంది.

సముద్రంలోకి పొడుచుకు వచ్చిన రాతికొండ ఈ ఎత్తును ఉచితంగా ఇస్తుంది. 1957లో డాల్ఫిన్స్ నోస్ మీద దీపస్తంభం పెట్టడంలోని సౌలభ్యం ఇదే. చదునైన తీరంలో ఎత్తంతా కట్టడమే ఇవ్వాలి. నైలు నది డెల్టా అంచున, క్రీ.పూ. 280 ప్రాంతంలో, అలెగ్జాండ్రియా వద్ద 100 మీటర్లకు పైగా ఎత్తున్న ఫారోస్ స్తంభం కట్టడానికి ఇది ఒక కారణం. మన కృష్ణా, గోదావరి డెల్టా తీరాలదీ ఇదే సమస్య. అయితే మరీ ఎత్తు కూడా మంచిది కాదు. మేఘాలు, పొగమంచు దీపాన్ని కప్పివేస్తాయి.

దూరంతోపాటు ప్రకాశమూ కావాలి. 1796లో మద్రాసు కోటలో వెలిగించిన దీపానికి కొబ్బరి నూనె వాడారు. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ 1822లో రూపొందించిన కటకం, చెదిరిపోయే కాంతిని ఒకే దిశలోకి మళ్ళించి సముద్రంపైకి పంపింది. ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క మెరుపుల క్రమం ఉంటుంది. దాన్ని బట్టి అది ఏ దీపమో నావికులు గుర్తిస్తారు.

4. ఖర్చు ఎవరిది?

శాంతపిల్లి దీపాన్ని ఒక ఓడ చూసినంత మాత్రాన మరో ఓడకు వెలుగు తగ్గదు. డబ్బు చెల్లించని ఓడకు మాత్రమే అది కనబడకుండా చేయడమూ సాధ్యం కాదు. ఈ రెండు లక్షణాలు గల వాటిని అర్థశాస్త్రంలో సార్వజనిక వస్తువులు అంటారు. ‘మనం ఇవ్వకపోయినా దీపం వెలుగుతుంది కదా’ అని అందరూ అనుకొంటే, చివరకు దీపమే ఉండదు. పైగా దీపం ఉన్న ఊరు ఒకటి, లాభం పొందే రేవు మరొకటి. అందువల్ల ఈ బాధ్యత ప్రభుత్వానిదని పలువురు ఆర్థికవేత్తలు వాదించారు.

దీనిని రొనాల్డ్ కోస్ 1974లో ప్రశ్నించాడు. ఇంగ్లండులో ప్రైవేటు వ్యక్తులు కూడా దీపస్తంభాలు నడిపారని, రేవులకు చేరిన ఓడల నుంచి రుసుము వసూలు చేశారని చూపాడు. అయితే ఆ వసూలుకు ప్రభుత్వం ఇచ్చిన అధికారం ఆధారమని గమనించాలి.

మన దేశంలో 1927 నాటి దీపస్తంభాల చట్టం ఈ రెండు పద్ధతులను కలిపింది: నిర్వహణ ప్రభుత్వానిది, రుసుము రేవులకు వచ్చిపోయే ఓడలది. సముద్రంలో వెలుగుకు వెల కట్టలేము, కాని రేవులో ఓడను ఆపి రుసుము అడగవచ్చు. 2021లో ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. చింతపల్లి మత్స్యకారుడు చిన్న పడవమీద తిరిగివస్తూ ఆ దీపాన్ని ఆనవాలుగా పెట్టుకొంటే అతడు చెల్లించవలసిందేమీ లేదు. ఉపగ్రహాల ద్వారా దారి తెలుసుకొనే ఈ రోజుల్లో కూడా, పరికరం పనిచేయనప్పుడు కంటికి కనబడే దీపమే ఆధారం.

5. సారాంశం

దీపస్తంభం చోటును ఊరి ప్రాముఖ్యం కాక, ప్రమాదం, ఎత్తు నిర్ణయిస్తాయి. దాని వెలుగు అందరిదీ కాబట్టి, ఖర్చును రాబట్టే ఏర్పాటు ప్రత్యేకంగా చేయవలసి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సముద్ర మట్టానికి 49 మీటర్ల ఎత్తున ఉన్న దీపం ఎంత దూరం కనిపిస్తుంది?
2. వీధిదీపానికి, దీపస్తంభానికి గల పోలికలను, మీ ఊరి ఉదాహరణతో, ఐదు వాక్యాలలో రాయండి.

(1వ ప్రశ్నకు జవాబు: సుమారు 27 కి.మీ.)