చెవితో కొనవలసిన రైలింజను

బ్రిటిష్ రైల్వేల డీజిల్ ఇంజన్లకు అధికారులు అంకెలు ఇచ్చారు. జనం పేర్లు పెట్టారు. ఆ పేర్లలో చాలావాటిని ఎన్నుకున్నది కన్ను కాదు, చెవి. 40వ తరగతి ఇంజను టర్బోచార్జరు నుంచి సన్నని ఈల వంటి నాదం వచ్చేది గనుక దానిని ‘విజ్లర్’ అన్నారు. అంటే ఈల వేసేది. 20వ తరగతి ఇంజను గాలిని నరుకుతున్న హెలికాప్టరులా మోగింది కాబట్టి ‘చాపర్’ అయింది. 37వ తరగతికి ‘ట్రాక్టర్’ అనే పేరు స్థిరపడింది. 50వ తరగతిని, ఇళ్లలో దుమ్ము పీల్చే యంత్రం ధ్వనిని తలపిస్తున్నదని, ‘హూవర్’ అని పిలిచారు.

ఈ ఇంజన్లను యథాతథంగా చిన్న పరిమాణంలో తయారుచేసి, ఇంట్లో పరచిన పట్టాలపై నడిపించుకోవడం ఇంగ్లండులో ఎంతోమందికి దీర్ఘకాలపు వ్యాసంగం. అక్కడ ఎక్కువ ప్రచారంలో ఉన్నది ‘డబుల్ ఓ’ కొలత: అసలు ఇంజనులో 76వ వంతు పరిమాణం, 16.5 మిల్లీమీటర్ల వెడల్పుగల పట్టాలు. రంగులు, అంకెలు, కిటికీ చట్రాలు, చివరకు మరమేకుల తలలు సైతం తప్పకుండా దిద్దిన ఈ నమూనాలకు చాలాకాలం ఒక్కటే లోటు. వాటికి గొంతు లేదు. వేల అశ్వశక్తిగల మహాయంత్రపు ప్రతిరూపం కుట్టు మిషనులా సన్నగా గుయ్‌మంటూ సాగిపోయేది.

నేడు ఆ లోటు తీరింది. అసలు ఇంజను ధ్వనిని ముద్రించి, దానిని గోరంత పలకలో నిక్షిప్తం చేసి, నమూనా కడుపులో అమర్చి అమ్ముతున్నారు. అయితే ధ్వని ఉన్న నమూనాకూ, అదే నమూనా ధ్వని లేకుండా కొన్నప్పటికీ మధ్య ధరలో వ్యత్యాసం తరచు 100 పౌన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంత సొమ్ము వెచ్చించేవారు ఏమి వినాలో తెలుసుకొని వినడం అవసరం. ఎందుకంటే, చప్పుడు చేసే ప్రతి నమూనా నిజం పలకదు.

చక్రం వేరు, యంత్రం వేరు

ఆవిరి ఇంజనులో చప్పుడుకూ చక్రానికీ విడదీయరాని బంధం ఉంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను చక్రం ఒకసారి తిరిగితే నాలుగుసార్లు ‘ఛుక్’మంటుంది. వేగం పెరిగితే చప్పుళ్లూ దగ్గరవుతాయి. డీజిల్ ఇంజను స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు. విద్యుదుత్పాదక యంత్రాన్ని తిప్పుతుంది. ఆ విద్యుత్తు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు చేరి చక్రాలను నడుపుతుంది.

దీని పర్యవసానం ఏమిటి? బరువైన గూడ్సుబండిని ఎత్తుమీదికి లాగుతున్న ఇంజను మనిషి నడకంత వేగంతో కదులుతూనే పూర్తి శక్తితో గర్జించవచ్చు. అదే ఇంజను పల్లంలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దిగుతూ, డ్రైవరు మీట తగ్గించి ఉంచినందువల్ల, నిలబడి ఉన్నప్పటి మాదిరిగా మెల్లగా గొణుగుతూ ఉండవచ్చు. స్టేషను వదిలేటప్పుడు మొదట యంత్రం గొంతు పెంచుతుంది. ఆ తరువాతనే బండి కదులుతుంది.

కనుక నమూనాను పరీక్షించేవారు మొట్టమొదట గమనించవలసినది ఇదే. వేగంతో పాటు చప్పుడు కూడా ఒకే నిష్పత్తిలో పైకీ కిందికీ పోతుంటే అది డీజిల్ ఇంజను నడక కాదు. మంచి నమూనాలో వేగాన్ని నిలిపి ఉంచి ధ్వనిని మాత్రమే హెచ్చించడానికీ, తగ్గించడానికీ వీలుంటుంది. ఎత్తు ఎక్కుతున్న శ్రమను, పల్లంలో దిగుతున్న విశ్రాంతిని నడిపేవారు స్వయంగా పలికించవచ్చు.

ఈ సౌకర్యానికి ఆధారం ‘డి.సి.సి.’ అనే అంకాత్మక నియంత్రణ పద్ధతి. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన విధానం ఆధారంగా అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘం 1990లలో దీనికి ప్రమాణాలు ఏర్పరచింది. పాత పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తు 0 నుంచి 12 వోల్టుల మధ్య మారుతూ బండి వేగాన్ని నిర్ణయించేది. బండి ఆగితే విద్యుత్తూ ఆగేది. ఆగి ఉన్న ఇంజను పలకడానికి అవకాశమే లేదు. కొత్త పద్ధతిలో పట్టాలలో విద్యుత్తు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ప్రతి ఇంజనులోనూ ‘డీకోడర్’ అనే చిన్న పలక ఉండి, తన సంఖ్యను ఉద్దేశించి వచ్చిన ఆజ్ఞను మాత్రమే అమలుచేస్తుంది. అందువల్లనే ఇంజను ప్లాట్‌ఫారం పక్కన నిలబడి కూడా ఊపిరి తీస్తున్నట్లు వినిపించగలుగుతున్నది.

లెక్క తెలిస్తే శ్రుతి తెలుస్తుంది

డీజిల్ ఇంజను గొంతు ఎలా ఉండాలో సులభమైన లెక్కతో ఊహించవచ్చు. ఫోర్-స్ట్రోక్ యంత్రంలో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. టూ-స్ట్రోక్ యంత్రంలో ప్రతి చుట్టుకూ పేలుతుంది. 37వ తరగతిలో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీవారి 12 సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ యంత్రం ఉంది. నిలకడలో అది నిమిషానికి 450 చుట్లు తిరుగుతుంది. పూర్తి శక్తిలో 850. అంటే సెకనుకు పేలుళ్లు 45 నుంచి 85 వరకు మాత్రమే. ఒక్కొక్క పేలుడు చెవికి విడిగా తగులుతున్నట్లుండే ఆ బరువైన గుర్రు దీనివల్లనే వచ్చింది.

దీనికి పూర్తి విరుద్ధం ‘డెల్టిక్’ అనే 55వ తరగతి. 1961, 1962లలో తయారైన ఈ 22 ఇంజన్లు లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎడింబరో వైపు వేగపు బండ్లను లాగి కీర్తి గడించాయి. ఒక్కొక్కదానిలో రెండు నేపియర్ యంత్రాలు. ఒక్కొక్క యంత్రంలో త్రికోణాకారంగా అమర్చిన 18 సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరులో ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లు. పైగా అవి టూ-స్ట్రోక్ యంత్రాలు. నిమిషానికి 1500 చుట్ల దగ్గర ఒక్కొక్క యంత్రంలో సెకనుకు 450 పేలుళ్లు. అది గుర్రు కాదు, ఎడతెగని హోరు.

డెల్టిక్ నమూనాను కొనేవారు వినవలసినది ఈ హోరు ఒక్కటే కాదు. అసలు ఇంజనులో రెండు యంత్రాలనూ ఒకదాని తరువాత ఒకటిగా మేల్కొలుపుతారు. ఒక్క యంత్రంతోనే బండిని కదిలించడమూ సాధ్యమే. నమూనాలో మీట నొక్కగానే రెండూ కలిసి ఒకేసారి మోగితే, ధ్వనిని కూర్చినవారు అసలు ఇంజనును శ్రద్ధగా వినలేదని తెలిసిపోతుంది.

ఏ సంవత్సరపు గొంతు?

మనుషుల గొంతు వయసుతో మారినట్లు ఇంజన్ల గొంతూ మారుతుంది. ఇందుకు చక్కని ఉదాహరణ 50వ తరగతి. 1967, 1968లలో తయారైన ఈ 50 ఇంజన్లలో యంత్రానికి పోయే గాలిని శుభ్రపరిచే ప్రత్యేక ఏర్పాటు ఉండేది. ‘హూవర్’ అనే పేరుకు కారణమైన నాదం దాని నుంచి వచ్చినదే. 1979లో ప్రారంభమై 1980ల మొదటి సంవత్సరాల వరకు సాగిన పునరుద్ధరణలో ఆ ఏర్పాటును తొలగించారు. పేరు మిగిలింది, పేరుకు కారణమైన ధ్వని పోయింది.

కాబట్టి పునరుద్ధరణ తరువాతి రంగులు వేసిన 50వ తరగతి నమూనా పాత హూవర్ నాదం చేస్తే అది అబద్ధం. తొలినాటి నీలిరంగు నమూనా ఆ నాదం చేయకపోయినా అబద్ధమే. మరొక చిక్కు కూడా ఉంది. నేడు ధ్వనిని ముద్రించేవారికి అందుబాటులో ఉన్నవి అధికంగా పరిరక్షణ సంఘాలు కాపాడిన ఇంజన్లు. అవి తమ చివరి రూపంలో ఉంటాయి. పోయిన ధ్వనిని తిరిగి కల్పించాలంటే నాటి పాత ముద్రణలనే ఆశ్రయించాలి.

ముద్రణ ఎక్కడ జరిగిందన్నది కూడా ముఖ్యమే. షెడ్డులో నిలబడిన ఇంజనును ఊరికే గట్టిగా తిప్పినప్పుడు వచ్చే చప్పుడు ఒకటి. వెనుక బండి బరువు ఉండగా వచ్చే చప్పుడు మరొకటి. భారం మోస్తున్న యంత్రపు గొంతులో ఒక బిగువు ఉంటుంది. అది ఖాళీ తిరుగుడులో రాదు. ఏ ఇంజను నుంచి, ఏ స్థితిలో ధ్వనిని గ్రహించారో చెప్పగల విక్రేతను కొనుగోలుదారులు నమ్మవచ్చు.

చిన్న నోట పెద్ద మాట

ఎంత గొప్ప ముద్రణ అయినా చివరకు అంగుళమైనా లేని స్పీకరు గుండా బయటికి రావాలి. సెకనుకు 45 కంపనాల మంద్రస్వరాన్ని అంత చిన్న స్పీకరు పలికించలేదు. అయినా వింటున్నవారికి ఆ బరువు కొంత తోస్తుంది. కారణం, మంద్రస్వరంతోపాటు పుట్టే పై స్వరాలు వినబడితే, లోపించిన మూలస్వరాన్ని మనిషి మెదడు తానే పూరించుకుంటుంది. ఆ పై స్వరాలనైనా స్వచ్ఛంగా వినిపించడమే మంచి స్పీకరు పని.

స్పీకరు ముందు భాగం నుంచి వచ్చే ధ్వని తరంగాలూ, వెనుక భాగం నుంచి వచ్చేవీ ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. అందుకే దాని వెనుక గాలి చొరని చిన్న పెట్టె బిగించాలి. పెట్టె లేని ఖరీదైన స్పీకరుకంటే పెట్టె ఉన్న సామాన్యమైన స్పీకరు మేలు. చేతిఫోన్ల కోసం పుట్టిన చక్కెర బిళ్లంత స్పీకర్లు ఈ రంగంలో గొప్ప మార్పు తెచ్చాయి.

ధ్వని లేని నమూనాను కొని, తరువాత డీకోడరును అమర్చుకోదలచినవారు రెండు విషయాలు చూడాలి. మొదటిది, లోపలి సాకెట్టు. పాత 8 పిన్నుల సాకెట్టులో స్పీకరుకు దారి లేదు. తీగలు విడిగా లాగాలి. 21 పిన్నుల సాకెట్టులో, ‘ప్లక్స్ 22’లో, చిన్న నమూనాలకు వాడే ‘నెక్స్ట్ 18’లో ఆ ఏర్పాటు ఉంది. రెండవది, స్పీకరు నిరోధం. కొన్ని పాత డీకోడర్లు 100 ఓముల స్పీకరునే కోరేవి. నేటివి అధికంగా 4 లేక 8 ఓములవి. డీకోడరు కోరినదానికంటే తక్కువ నిరోధంగల స్పీకరును తగిలిస్తే డీకోడరు కాలిపోయే ప్రమాదం ఉంది.

దుకాణంలో పది నిమిషాలు

అమ్మేవారు సాధారణంగా మొదట హారను మోగిస్తారు. అది అందరినీ మెప్పిస్తుంది. కొనేవారు మాత్రం హారనును చివరికి వాయిదా వేయాలి. మొదట యంత్రాన్ని చల్లని స్థితి నుంచి మేల్కొలిపించి వినాలి. తరువాత నిలకడ చప్పుడును రెండు నిమిషాలు ఊరికే వినాలి. ఇంట్లో ఎక్కువ సేపు వినబోయేది దానినే. ముద్రణలోని ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతున్న అతుకు చెవికి తగిలితే, నెల గడవకముందే అది విసుగు పుట్టిస్తుంది.

అటుపైన అతి నిదానంగా బండిని కదిలించమనాలి. ధ్వనిని పూర్తిగా ఆపించి, మోటారూ పళ్లచక్రాలూ ఎంత చప్పుడు చేస్తున్నాయో వినాలి. మోటారు గోల ఎక్కువైతే ఏ ముద్రణా దానిని కప్పలేదు. పట్టాల కూడలిమీద నడిపించి, ధ్వని క్షణకాలం తెగుతున్నదేమో చూడాలి. విద్యుత్తు రవంత తెగినప్పుడు ఆదుకునే కెపాసిటరు ఉన్న నమూనా ఈ పరీక్షలో నెగ్గుతుంది.

చివరిది ధ్వని తీవ్రత. నమూనాకు ఒక మీటరు దూరంలో నిలబడినవారు, కొలత ప్రకారం, అసలు ఇంజనుకు 76 మీటర్ల దూరంలో ఉన్నట్లే. అంత దూరాన్నుంచి వినబడే ఇంజను చెవులు చిల్లులు పడేలా అరవదు. కర్మాగారం నుంచి వచ్చినప్పటి తీవ్రతను సగానికి తగ్గిస్తేగాని చాలా నమూనాలలో నిజం వినిపించదు. ఇంటిల్లిపాది శాంతికీ అదే మంచిది.

ఇక్కడి చెవులకు తెలిసిన గొంతు

ఇది ఇంగ్లండు ముచ్చట మాత్రమే అనుకోనవసరం లేదు. కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్ల పరిసరాలలో పెరిగినవారికి ‘డబ్ల్యు.డి.ఎం.-2’ గొంతు వేరుగా పరిచయం చేయనక్కరలేదు. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపకల్పన చేసిన ఈ 2600 అశ్వశక్తి ఇంజన్లు 1962లో మనదేశానికి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. ఆల్కో 1969లోనే రైలింజన్ల తయారీ మానుకున్నది. దాని 251 రకం యంత్రం మాత్రం భారతదేశంలో దశాబ్దాలపాటు పుడుతూనే వచ్చింది. ఈ తరగతి ఇంజన్ల సంఖ్య 2600 దాటింది.

1999లో అమెరికా నుంచే మరొక జాతి ఇంజన్లు వచ్చాయి. అవి టూ-స్ట్రోక్ యంత్రాలవి. పాత లెక్కనే ఇక్కడా వేయవచ్చు. 16 సిలిండర్ల ఆల్కో నిమిషానికి 1000 చుట్ల దగ్గర సెకనుకు సుమారు 133 సార్లు పేలుతుంది. 16 సిలిండర్ల కొత్త యంత్రం సుమారు 900 చుట్ల దగ్గరే 240 సార్లు. పొలంలో పనిచేసుకుంటున్న మనిషి తల ఎత్తకుండానే ఏ ఇంజను పోతున్నదో చెప్పగలగడంలో ఉన్న రహస్యం ఇదే. అమెరికన్ నమూనాలలో ఆల్కో ‘సెంచురీ’ శ్రేణి ఇంజన్లలో ఉన్నదీ ఈ 251 యంత్రమే. కనుక ఆ గొంతును ఇంట్లో వినాలనుకునే తెలుగువారికి దగ్గరి చుట్టం వాటిలో దొరుకుతుంది.

నేడు మనదేశపు బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపుగా విద్యుదీకరణ పొందాయి. ఆల్కో ఇంజన్లు ఒక్కొక్కటిగా పాత ఇనుముగా మారుతున్నాయి. ఇంగ్లండులో డెల్టిక్‌ల సాధారణ సేవ 1982 జనవరి 2న ముగిసింది. 22లో 6 మాత్రమే పరిరక్షకుల చేతుల్లో మిగిలాయి. ఇంజను ఆకారాన్ని ఫోటోలు, కొలతల పటాలు కాపాడతాయి. దాని ధ్వనిని, యంత్రం ఇంకా తిరుగుతుండగా ఎవరైనా శ్రద్ధగా గ్రహిస్తే తప్ప, తరువాత తెచ్చుకోవడానికి మార్గం లేదు. అందుచేత నమూనాను కొనేవారు నిజమైన గొంతునే కోరడం కేవలం చాదస్తం కాదు. కొనేవారు కోరినంతకాలమే తయారుచేసేవారు మిగిలిన ఇంజన్ల దగ్గరకు వెళ్లి, చెవి ఒగ్గి వింటారు.