దంతాధారములు – మూలకణములు

పన్ను గోడలోని మేకువలె దవడ యెముకలో దిగగొట్టబడినది కాదు. పంటివేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర యొకటి గలదు. దీనిని దంతస్నాయువందురు. దీని పోగులు ఒకవైపున వేరును గప్పిన సిమెంటమను పొరలోను, రెండవవైపున ఎముకలోను నాటుకొని, నమలునప్పటి యొత్తిడిని సహించును. స్నాయువు, సిమెంటము, ఎముక, చిగురు అను నీ నాలుగును దంతమున కాధారములు.

పాచి పేరుకొని గారగా గట్టిపడినపుడు చిగుళ్లు వాచి నెత్తురు కారును. ఉపేక్షించినచో నారపొర తెగి, ఎముక కరగి, పుచ్చులేని పన్నుసైతము కదలి ఊడిపోవును. గార తీయించినచో వ్యాధి సాధారణముగ నిలుచును గాని, పోయిన యాధారము చాలవరకు తిరిగి రాదు. చిగురు పైపొర కణములు త్వరితముగ వృద్ధిచెంది గాయమును ముందే ఆక్రమించుటయే దీనికి ముఖ్యకారణము. గాయమును మొదట చేరిన కణములనుబట్టియే అది మానెడి తీరు ఉండునని 1976లో మెల్చర్ ప్రతిపాదించెను.

కావున స్నాయువును పుట్టింపగల కణములనే అచ్చటికి చేర్చినచో నేమి? 2004లో సియో, షీ మొదలగు శాస్త్రజ్ఞులు, తీసివేసిన జ్ఞానదంతముల స్నాయువునుండి మూలకణములను వేరుచేసి ఎలుకలలో నుంచగా, సిమెంటమును స్నాయువును బోలిన నిర్మాణము లేర్పడెను.

మనుష్యులయందు ఫలిత మింకను నిశ్చితము కాలేదు. 2016లో ప్రకటితమైన చైనా పరీక్షలో రోగుల స్వంతకణములను ఎముకపూరణముతో గలిపి వాడగా ఎముక పెరిగెను. కాని పూరణము మాత్రమే వాడినవారితో పోల్చినపుడు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. 2018లో జపానువారు కణములను పలుచని పొరలుగ పెంచి పదిమంది రోగుల కమర్చి మేలు గాంచిరి; అయితే పోల్చుటకు వేరొక జట్టు అందులో లేదు.

చెన్నపురిలో 1953లో వైద్యకళాశాలకు శాఖగా వెలసిన దంతవైద్య విభాగమే నేటి తమిళనాడు ప్రభుత్వ దంతవైద్య కళాశాల. ఇట్టి విద్యాసంపద గల నగరమందలి తెలుగు కుటుంబములు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమములనుబట్టి, ఇట్టి చికిత్స అనుమతి పొందిన పరిశోధనలో భాగముగనే జరుగవలెను; అందుకు రోగినుండి రుసుము గొనరాదు. పంటిగుజ్జు కణములను వాణిజ్యముగ భద్రపరచుటకును ఆ నియమములు సమ్మతింపలేదు.

మూలకణములయందలి ఆశ నిరాధారమైనది కాదు. కాని ఆశను ఔషధమని విక్రయించుట వేరు. చిగుట నెత్తురు కనబడిననాడే వైద్యుని జేరినవానికి, పోయిన యెముకను వెదకుకొను నవసరము తరచుగ కలుగదు.