ప్లస్ టూ తర్వాత మూసుకున్న గది తలుపు

రియాద్‌లో మన తెలుగువాళ్ళు ఉగాదికి ఊరి చివర ఒక ఇస్తిరాహా అద్దెకి తీసుకుంటారు. పులిహోర గిన్నెలు, ఆడపిల్లల డాన్సులు, మగవాళ్ళ వాలీబాల్, అన్నీ ఉంటాయి. రాని పిల్లల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. "మీవాడేడి వదినా?" అంటే "తలనొప్పిగా ఉందని పడుకున్నాడు" అంటారు. కొన్ని ఇళ్ళల్లో రెండేళ్ళుగా అదే తలనొప్పి.

ఫజర్ దాకా ఫోను, అసర్ దాకా నిద్ర. సీబీఎస్ఈ పన్నెండులో తప్పినవాళ్ళు, నీట్‌కి మూడోసారి "ప్రిపేర్" అవుతున్నామని చెప్పేవాళ్ళు, ఇండియాలో ఇంజనీరింగ్‌లో చేరి ఒక సెమిస్టర్‌కే తిరిగొచ్చేసినవాళ్ళు. మన ఊళ్ళో అయితే ఇలాంటి పిల్లవాడు కనీసం బాబాయి షాపులో కూర్చుంటాడు, నలుగురి నోళ్ళలో నానుతూనే నాలుగు పనులు నేర్చుకుంటాడు. ఇక్కడ డిపెండెంట్ ఇకామా మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా పని చెయ్యకూడదు. పైగా 2017 జూలైలో మనిషికి నెలకి 100 రియాళ్ళతో మొదలైన డిపెండెంట్ ఫీజు ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. అంటే గదిలో పడుకున్న పిల్లవాడికి ఏడాదికి 4,800 రియాళ్ళు. కోపం వచ్చినప్పుడు తండ్రి నోట్లోంచి ముందు ఈ లెక్కే వస్తుంది. ఆ లెక్క విన్న పిల్లవాడు ఇంకో వారం గది దాటి రాడు.

మేం నలుగురు స్నేహితురాళ్ళం ఇలాంటి ఇళ్ళకి టీకి వెళ్ళడం మొదలుపెట్టాం. సంస్థ అంటూ ఏమీ లేదు. నేను, ఒక స్కూలు టీచరు, ఒక నర్సు, అకౌంట్స్ తెలిసిన ఒకావిడ, అంతే. సలహాలు ఇవ్వకూడదనేది మా మొదటి నియమం. మొదటి రెండుసార్లూ చదువు మాటే ఎత్తం.

ఒక అబ్బాయి ఫిజిక్సు, మ్యాథ్సు, కెమిస్ట్రీ మూడూ తప్పాడు. ఒక్క సబ్జెక్టే పోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు, మూడు పోతే ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి. స్కూలుకి వెళ్ళి చిన్నవాళ్ళ పక్కన కూర్చోనని మొండికేశాడు. ఎన్ఐఓఎస్ పేరెత్తితే వాళ్ళమ్మ మొహం చిన్నబుచ్చుకుంది: "ఓపెన్ స్కూలంటే పనికెళ్ళే పిల్లలకి కదండీ." నిజమే, వాళ్ళకీ ఉంది. కానీ అదీ కేంద్ర ప్రభుత్వ బోర్డే. ఇదివరకు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు అక్కడికి బదిలీ చేసుకోవచ్చు. ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. ఇంగ్లీషు, కంప్యూటర్ సైన్సు బదిలీ అయ్యాయి. మిగిలిన మూడింటికీ తనకి నచ్చిన సబ్జెక్టులే తీసుకున్నాడు. హైదరాబాద్‌లో అమ్మమ్మగారింటి నుంచి పరీక్షలు రాసి ఇప్పుడు బీకాం చదువుతున్నాడు. ఇంజనీరు కాలేదని వాళ్ళ నాన్నకి ఇంకా వెలితే. ఆ వెలితి తీర్చడం మా వల్ల కాదు.

రెండో అబ్బాయి సంగతి నాకెంతో ఇష్టం. పుస్తకం చూస్తే నిద్రపోయేవాడు, ఏసీ బాగుచేసే మనిషి వస్తే మాత్రం లేచి కూర్చునేవాడు. ఆ మనిషిది జగిత్యాల వైపు. గ్యాస్ ఎలా నింపుతారు, కంప్రెసర్ ఎందుకు కొట్టుకుంటుంది, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఒకరోజు పిల్లవాడు నన్ను అడిగాడు: "ఆంటీ, ఇది నేర్చుకోడానికి కాలేజీ ఉంటుందా?" ఉంటుంది నాన్నా, ఐటీఐలో రెండేళ్ళ ట్రేడ్, పదో తరగతి పాసైతే చాలు. వాళ్ళమ్మ ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "మావాడు ఏసీ మెకానిక్ అని చుట్టాలకి ఎలా చెప్పను అక్కా?" నాకు కాస్త ఒళ్ళు మండింది. యాభై డిగ్రీల ఎండలో మనం ఎవరి చలవ వల్ల నిద్రపోతున్నామో ఆవిడకి తెలియదా? కానీ ఫోన్‌లో ఆ మాట అనలేదు. సౌదీ ఇప్పుడు ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఏసీ టెక్నీషియను లాంటి పనులకి వచ్చేవాళ్ళని ఇండియాలోనే నైపుణ్య పరీక్ష పాసై రమ్మంటోందని, చేతిలో పనితోపాటు సర్టిఫికెట్టూ ఉన్నవాడికి విలువుందని చెప్పాను. రెండేళ్ళ ఐటీఐ తర్వాత ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చని కూడా చెప్పాను. "డిప్లొమా" అన్న మాటకి ఆవిడ కొంచెం కుదుటపడింది. పిల్లవాడు కరీంనగర్ వెళ్ళాడు. నెల తిరక్కుండానే పొద్దున ఆరింటికి లేస్తున్నాడట.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళు ఖాళీగా ఉన్నారని ఎవరూ అనరు. వంటలో సాయం, తమ్ముడి హోమ్‌వర్కు, సంబంధాలు చూస్తున్నాం అనే మాటల మధ్య మూడేళ్ళు గడిచిపోతాయి. ఇదే ఊళ్ళో సౌదీ అమ్మాయిలు 2018 నుంచి కారు నడుపుకుంటూ ఉద్యోగాలకి వెళ్తుంటే మన అమ్మాయి కిటికీలోంచి చూస్తుంటుంది. అలాంటి ఒకమ్మాయి ఇగ్నోలో డిగ్రీకి పేరు రాయించుకుని, జూన్ పరీక్షలని సెలవుల ప్రయాణంతో కలుపుకుంది. టికెట్లు పరీక్ష తేదీలు చూసుకునే కొనాలని ఇంట్లో పట్టుబట్టింది. గొంతెత్తి మాట్లాడ్డం నేను చూసింది అదే మొదటిసారి.

చిన్నపిల్లలున్న తల్లులకి ఒక మాట. ఇక్కడ చదివిన పిల్లలు మన రాష్ట్రాల్లో కాలేజీ సీట్ల దగ్గర నాన్‌లోకల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ సంగతి పన్నెండో తరగతి ఫలితాల రోజున కాదు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే తెలుసుకోండి. ఎన్ఐటీల్లో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి డాసా కింద ప్రత్యేకంగా కొన్ని సీట్లున్నాయి, ట్యూషన్ ఫీజు ఇండియాలో పిల్లలు కట్టినంతే. వీటి గురించి తెలియక డబ్బు పోసి ఏదో ఒక కాలేజీలో పడేసి, ఆరు నెలలకి పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చుకున్న ఇళ్ళు నాకు మూడు తెలుసు.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు. ఒక ఇంటికి ఐదుసార్లు వెళ్ళాం, అబ్బాయి గదిలోంచి రాలేదు. మాలో నర్సు ఆ మౌనం బద్ధకం కాదని గట్టిగా చెప్పి, డాక్టరుకి చూపించమంది. తల్లిదండ్రులు ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మందులు మొదలయ్యాయి. పోయిన శుక్రవారం వెళ్తే, తలుపు సగం తీసి టీ కప్పు అందుకున్నాడు.