పాట పాడిన అమ్మ పేరేమిటి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ పాటలు దాచుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఊరగాయ జాడీకెత్తడం మనకు తెలుసు. వడియాలూ, వరుగులూ ఎండబెట్టి డబ్బాల్లో పోసుకోవడం తెలుసు. మనిషి గొంతుని దాచి మళ్ళీ వినిపించడం మాత్రం 1877లో అమెరికాలో ఎడిసన్ దొరగారు ఫోనోగ్రాఫు తయారుచేసేదాకా ఎవరికీ చేతకాలేదు. అంతకుముందు పాడినవాళ్ళలో దాదాపు అందరి గొంతులూ గాలిలో కలిసిపోయినట్టే.

ఇందుకు దూరం పోనక్కరలేదు, రాజంపేట దగ్గరి తాళ్ళపాక చాలు. అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పోయారు. ఆయన పదాలను వాళ్ళ వంశంవాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కొండమీద భద్రం చేశారు. ఇంచుమించు 14 వేల పాటలు మనకు దొరికాయి. పాట పైన రాగం పేరు కూడా వేశారు. ఎంత ముందుచూపో చూడండి! అయినా ఆయన ఏ వరసలో పాడారో ఆ రేకులు చెప్పలేవు. సాహిత్యం వుంది, రాగం పేరుంది, పాట లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు కూర్చుని మళ్ళీ స్వరం కట్టవలసి వచ్చింది. మనం ఇవాళ పూజగదిలో పాడుకునే అన్నమయ్య పాటల్లో చాలావాటికి మాటలు అయిదారువందల ఏళ్ళనాటివి, వరసలు మాత్రం మొన్నమొన్నటివి.

గ్రామఫోను ప్లేటు ఎలా తయారయ్యేదో కాస్త చెప్తాను. మనం కజ్జికాయలకి అచ్చు వాడతామే, ఇంచుమించు అదే పద్ధతి. పాడేవాళ్ళు ఒక పెద్ద బాకాలోకి మొహం పెట్టి గట్టిగా పాడాలి. ఆ ధ్వనికి బాకా చివరనున్న పల్చటి రేకు అదురుతుంది. రేకుకి తగిలించిన ముల్లు తిరిగే మైనపు పళ్ళెం మీద గీత గీస్తుంది. ఆ మైనం నుంచి లోహపు అచ్చు తీస్తారు. అచ్చుతో నల్లటి ప్లేట్లు ఎన్ని కావాలంటే అన్ని ఒత్తుతారు. ఆ నల్లప్లేటు దేనితో చేసేవారనుకున్నారు? లక్కతో! మనం గాజులకి వాడే లక్కే, ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్కే. అందులో రాతిపొడీ, మసీ కలిపి ఒత్తేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్దభాగం మన దేశంనుంచే వెళ్ళేది. చేయిజారితే గాజుపెంకులా పగిలేది కాబట్టే పాత ఇళ్ళల్లో పిల్లల్ని గ్రామఫోను దగ్గరికి రానిచ్చేవారు కాదు.

1902లో గైస్‌బర్గ్ అనే ఆయన ఈ సరంజామా అంతా ఓడమీద వేసుకుని లండన్ నుంచి కలకత్తా వచ్చాడు. హోటల్ గదిలోనే స్టూడియో ఏర్పాటు చేసుకున్నాడు. అక్కడికి ఒంటినిండా నగలతో వచ్చి పాడిన మనిషి గౌహర్ జాన్. ప్లేటుకి మూడు నిమిషాలే చోటు. గంటసేపు విస్తరించే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించి, చివరన ఇంగ్లీషులో "నా పేరు గౌహర్ జాన్" అని గొంతెత్తి చెప్పి ముగించింది. గర్వంతో చెప్పిందేమో అనిపిస్తుంది వింటే. గర్వం వుంటే వుండవచ్చుగాక, అసలు కారణం వేరు. ఆ మైనపు పళ్ళేలు ఓడలో జర్మనీలోని హానోవర్ వెళ్ళాలి. అక్కడ ప్లేట్లు ఒత్తేవాళ్ళకు మన భాష తెలియదు, మన మనుషులు తెలియదు. ఏ ప్లేటు మీద ఎవరి పేరు అతికించాలో ఆ కేకను బట్టే తెలుసుకునేవారు.

ఆ తొలిరోజుల్లో ప్లేట్లకు పాడిన ఆడవాళ్ళు ఎక్కువమంది పాటే వృత్తిగా బతికిన కులాలవాళ్ళు. దక్షిణాదిన సేలం గోదావరి, ధనకోటి అక్కచెల్లెళ్ళు, బెంగుళూరు నాగరత్నమ్మ అటువంటివారే. కోయంబత్తూరు తాయి పాట విని ఫ్రాన్సులో మొరీస్ డెలాజ్ అనే సంగీతకర్త దాని ఆధారంగా ఒక రచనే చేశాడు. సంసారుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు బాకా ముందు పాడితే పరువు తక్కువనుకున్న కాలం అది. ఎవరిని తక్కువగా చూశారో వాళ్ళ గొంతులే నూరేళ్ళు దాటినా నిలిచివున్నాయి. పరువుగల ఇళ్ళల్లో పాడిన మన ముత్తవ్వల గొంతు ఒక్కటీ మిగలలేదు. నాటకాల సంగతీ అంతే. మన జిల్లాలోనే చక్రాయపేట దగ్గర సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి మొదలైన సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేషం వేసి పాడిన కమలాబాయి ఆ సురభి బిడ్డే.

ఇంక పనిపాటల సంగతికి వస్తాను. 1904లో హంగేరీ దేశంలో బేలా బార్టోక్ అనే యువకుడు ఒక పల్లెటూరి విడిదిలో వుండగా పక్కగదిలోంచి పాట వినిపించింది. పాడుతున్నది లిడీ డోషా అని పద్ధెనిమిదేళ్ళ దాది. పసిబిడ్డను చూసుకుంటూ తన ఊరి పాట పాడుకుంటోంది. పట్నంలో సంగీతం చదువుకున్న ఆయన అటువంటి పాట తన దేశంలో వుందనే ఎరగడు! ఆమెను అడిగి రాసుకున్నాడు. తర్వాత ఫోనోగ్రాఫు మోసుకుని పల్లెపల్లె తిరిగాడు. వేలకొద్దీ పాటలు పట్టాడు. హంగేరీతో ఆగక రుమేనియా, స్లొవాకియా పల్లెలూ తిరిగాడు, 1936లో తుర్కీ దాకా వెళ్ళాడు. మన ఇళ్ళల్లో అంట్లు తోముతూ కూనిరాగం తీసే మనిషి ఏం పాడుతోందో మనలో ఎందరం ఆగి విన్నాం చెప్పండి?

మనకూ అటువంటి పని చేసినవాళ్ళు లేకపోలేదు. వింజమూరి సోదరీమణులు అనసూయాదేవి, సీతాదేవిగార్లు పల్లెపదాలను సభలకెక్కించారు, రేడియోలో పాడారు, రికార్డులిచ్చారు. అనసూయాదేవిగారు 1920లో పుట్టి, 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. దంపుళ్ళ పాట కచేరీ పాటతో సమానంగా వేదికమీద కూర్చున్నదంటే అందులో వారి చలవ చాలా వుంది. కడపలో 1963లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక మన సీమ యాస, మన సీమ పదం గాలిలో వినిపించడం మొదలైంది. అయితే స్టూడియోలో పాడిన జానపదం వేరు, ఇంట్లో పాడిన పాట వేరు. స్టూడియోలో హార్మోనియం వుంటుంది, తబలా వుంటుంది, గడియారం వుంటుంది. ఇరవై చరణాల పాట నాలుగు చరణాలవుతుంది. నాకు రెండూ ఇష్టమే. కాని ఒకటి వుంది కదా అని రెండోది పోనివ్వకూడదంటాను.

మా రాజుపాలెం వైపు కుందూ ఏటి గట్టున నల్లరేగడి నేలలు. వెనకటికి జొన్నలు విసరని ఇల్లుండేది కాదు. మా మేనత్తకి విసుర్రాయి పాటలు చాలా వచ్చేవి. ఒకసారి కూచోబెట్టి పాడమంటే, "ఉత్త చేతుల్తో పాడమంటే పాట యాడొస్తాది మే!" అనేసింది. నిజమే. మూలనున్న విసుర్రాయి దులిపి, రెండు గుప్పిళ్ళు జొన్నలు పోసి పిడి చేతికిచ్చేసరికి పాట దానంతటది వచ్చింది. రాయి ఒక చుట్టు తిరిగేసరికి పాదం పూర్తవుతుంది. గింజలు పోసేచోట పాట ఆగుతుంది. గర్‌గర్‌మనే ఆ చప్పుడే దానికి శృతీ, తాళమూ. సీతమ్మ పుట్టింటికి పోవాలని అడిగే పాట ఒకటి ఎత్తుకుంది. సగం అయ్యేసరికి ఆయాసం వచ్చి "రేపు పాడతాలే" అంది. ఆ మిగతా సగం మేము వినలేదు. ఆ సంవత్సరం సంక్రాంతి గొబ్బెమ్మలప్పటికి ఆమె లేదు. తోటి ముసలమ్మల్ని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు గాని అతుకు కలవలేదు.

ఇప్పుడొక విచిత్రం చెప్తాను. 1977లో అమెరికావాళ్ళు వాయేజర్ అని రెండు అంతరిక్ష నౌకలు పంపారు. వాటిల్లో ఒక్కొక్క గ్రామఫోను ప్లేటు పెట్టారు. లక్కప్లేటు కాదు, రాగి పళ్ళేనికి బంగారు పూత! (మన తాళ్ళపాకవారూ రాగినే నమ్ముకున్నారు చూడండి.) వాయించే ముల్లు కూడా జతచేసి పంపారు. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, మన తెలుగు పలకరింపు కూడా వుంది. ఇంచుమించు గంటన్నర సంగీతం. జావా దీవి గంటల మేళం, సెనెగల్ డప్పులు, జపాన్ వెదురువేణువు, ఆస్ట్రేలియా ఆదివాసుల పాట, బల్గేరియా కొండపాట, జర్మనీ శాస్త్రీయ సంగీతం అన్నీ వున్నాయి. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. మొదటి వాయేజర్ సెప్టెంబరు 5న బయల్దేరింది. ఆమె అదే నెల 16న పోయారు. 2012లో ఆ నౌక సూర్యుడి ప్రభావం దాటి నక్షత్రాల మధ్యకు వెళ్ళింది.

ఆ ప్లేటులోనే పెరూ దేశపు పెళ్ళిపాట ఒకటి వుంది. 38 సెకండ్లు మాత్రమే. చిన్నవయసులో పెళ్ళయిపోయిన పిల్ల తన గోడు చెప్పుకునే పాట. మన అప్పగింతల పాటకి అక్కో చెల్లెలో అవుతుంది. 1964లో జాన్ కోహెన్ అనే ఆయన అక్కడి కొండల్లో రికార్డు చేశాడు. పాటల పట్టికలో రికార్డు చేసిన ఆయన పేరు వుంది. పాడిన పిల్ల పేరు లేదు. కేసర్‌బాయి పేరుంది, బల్గేరియా గాయని వాల్యా బాల్కన్‌స్కా పేరుంది. ఆ పెరూ పిల్ల మాత్రం వట్టి "పెళ్ళిపాట". నక్షత్రాల దాకా పోయింది గొంతు, పేరు ఇక్కడే జారిపోయింది. పెద్ద పెద్ద సంగ్రహాలయాల్లోనూ ఇదే తంతు. యంత్రం మోసినవాడి పేరు ముందుంటుంది, పాడినామె "గ్రామీణ స్త్రీ" అవుతుంది.

మనమేం తక్కువ తిన్నాం? ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి చేతిలో రికార్డు చేసే ఫోను వుంది. గైస్‌బర్గ్ ఓడెక్కి మోసుకొచ్చిన సామానంతా మన జాకెట్టు జేబులో పడుతుంది. అవ్వ పాడుతుంటే పట్టుకుంటాం, అది ఫోనులో ఏదో అంకెల పేరుతో పడివుంటుంది. ఫోను మారితే అదీ పోతుంది. పదేళ్ళు పోయాక దొరికినా ఎవరి అవ్వ, ఏ ఊరు, ఏ పండగ, ఒక్కటీ తెలియదు.

కాబట్టి గౌహర్ జాన్ చేసినట్టే చేయించండి. పాట అయిపోగానే ఆమె నోటితోనే పేరు, పుట్టినూరు, మెట్టినూరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చిందో చెప్పమనండి. తేదీ మీరు చెప్పండి. గొంతూ పేరూ ఒకేచోట వుంటాయి, విడిపోవు.

ఇంక మిగతా జాగ్రత్తలు. ఫ్యాను ఆపండి, మన చెవి దాన్ని మర్చిపోతుందిగాని ఫోను మర్చిపోదు. కుక్కరు పొయ్యిమీద లేని వేళ చూసుకోండి. ఫోను చేత్తో పట్టుకుంటే గరగరలు వస్తాయి, మడతపెట్టిన తువ్వాలు మీద వుంచి, మూరెడు దూరంలో పెట్టండి. పాడేవాళ్ళ చేతికి వాళ్ళ పని ఇవ్వండి. రోకలో, చేటో, ఊయల తాడో. రెండు చరణాలు కాగానే "చాల్లే అవ్వా" అనకండి. చివరిదాకా పాడనివ్వండి. మాట తప్పనిపిస్తే సరిదిద్దకండి, వాళ్ళ ఊళ్ళో అట్లాగే అంటారేమో. అర్థం పాటయ్యాక అడగండి, అది కూడా రికార్డు చెయ్యండి. ఒక నకలు ఫోనులో, ఒకటి కంప్యూటరులో, ఇంకొకటి వేరే ఊళ్ళోవున్న చెల్లెలి దగ్గర వుంచండి.

అటకమీద పాత కేసెట్లున్నవాళ్ళు ఈ వేసవి రాకముందే దించండి. 1980ల్లో, 90ల్లో పెళ్ళిళ్ళకీ, సీమంతాలకీ పట్టినవి చాలా ఇళ్ళల్లో వుంటాయి. అటకమీది వేడికి టేపు సాగిపోతుంది, తేమకి బూజు పడుతుంది. బూజు కనిపించిన దాన్ని టేపురికార్డరులో పెట్టి తిప్పకండి, టేపు తెగుతుంది, యంత్రమూ పాడవుతుంది. తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించి, బాగా వున్నప్పుడే ఒకసారి వాయించి నకలు తీయించండి. కేసెట్టు వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. ఆ సంగతి తెలియక ఒక ఇంట్లో నాయనమ్మ హారతి పాటల మీద పిల్లలు సినిమా పాటలు ఎక్కించేశారు.

అడక్కుండా మాత్రం ఎవరి పాటనూ నలుగురికీ పంపకండి. కొన్ని పాటలు ఆడవాళ్ళ మధ్యనే పాడుకునేవి, పెళ్ళికూతుర్ని ఆటపట్టించేవి. నవ్వుతూ పాడిన మనిషి రేపు బజారులో తలెత్తుకోలేని పరిస్థితి తేకూడదు. ఏడుపు పాటలయితే మరీనూ. "అవ్వా, దీన్ని బయటివాళ్ళు వింటే నీకు సమ్మతమేనా?" అని ఒక్కమాట. వద్దంటే ఇంట్లోనే వుంచుకోండి.

కోలాటం, చెక్కభజన, పీర్ల పండగ అడుగులు ఇలాంటివి మాత్రం ఉత్త ధ్వనితో సరిపోవు. చెక్కల చప్పుడు వింటాం గాని అడుగు ఎటు పడిందో తెలియదు. వీడియో తీసేటప్పుడు అందరూ ఫోను మొహాల మీద పెడతారు. కనీసం ఒక పాటంతా మనుషులు కాళ్ళదాకా కనిపించేట్టు, దూరంనుంచి, కదలకుండా తీయండి. గురువు లోపల నిలబడి ఏ మాట అంటే వరస మారుతుందో అది కూడా వినబడేట్టు చూడండి.